రాజుగారి బట్టీల మట్టి

మా ఎత్తు కొండల మీది వాంకవెలికా ఊళ్ళో పచ్చి ఇటుకలు పోసేవాళ్ళు చాలామందే ఉండేవారు గానీ, మా పుకాపాంపా పేటలో ఇల్లు లేవాలంటే సతుర్నీనో తైపేని పిలవాల్సిందే. ఆయన పోసిన ఇటుక అంచు రాలదు, ఎండలో నెర్ర విచ్చదు, ఒకదాని మీద ఒకటి పెడితే అతికించినట్టు కూర్చుంటుంది. మెచ్చుకుంటే సిగ్గుపడేవాడు. "నాదేముంది, మట్టి గొప్పదనం" అనేవాడు. ఆ మాట అబద్ధం కాదని మాకందరికీ తెలుసు. మట్టి వాగు పక్కనున్న పాత బట్టీల దగ్గర్నుంచి వచ్చేది. ఇంగిలీకం కలిపినట్టు ఎర్రగా, జల్లించిన పిండిలా ఉంటుంది. రాయి ఏరక్కర్లేదు, జల్లెడ పట్టక్కర్లేదు. ఎవరి సొత్తూ కాదు కాబట్టి ఎవర్నీ అడగక్కర్లేదు. పైగా ఆ మట్టి గోడల ఇంట్లో నల్లి చేరదు, పేను బతకదు. పై పేటల నుంచి పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళకి ఈ సంగతే ముందు చెప్పి మీసం దువ్వేవాళ్ళం. నల్లి బతకని ఇంట్లో మనిషి ఎట్లా బతుకుతాడని ఒక్కడికీ తట్టలేదు. మా తెలివి అలా ఏడ్చింది.

ఆ బట్టీలు, వెనకటి రోజుల్లో సముద్రం అవతల నుంచి మమ్మల్ని ఏలిన స్పెయిన్ రాజువి. పైనున్న కొండలో పాదరసం రాయి ఉందని తెలిసిన రోజునుంచి చుట్టుపక్కల ఊళ్ళ మగవాళ్ళని వంతులవారీగా తోలుకొచ్చి గనిలోకి దింపారు. దిగినవాళ్ళు ఎక్కువమంది తిరిగి రాలేదు. వచ్చినవాళ్ళు వణుక్కుంటూ వచ్చారు. కొడుకు వంతు వచ్చిందని తెలిసి, నిద్రపోతున్న పిల్లాడి కాలు రోకలితో విరగ్గొట్టిన తల్లి గురించి మా ముసలమ్మలు ఇప్పటికీ చెబుతారు. చెప్పేటప్పుడు గొంతు కూడా తగ్గించరు. మా వైపు దాన్ని పాపంగా ఎవరూ లెక్కెయ్యలేదు. రాయిని వాగు పక్కన కాల్చి, పిండిన పాదరసాన్ని తోలు సంచుల్లో కట్టి, రాయిలోంచి వెండి విడదీయడానికి దక్షిణాన ఉన్న వెండి కొండకి పంపేవారు. వెండి రాజుగారికి పోయింది. పొగ మా నేల మీద దిగింది, బూడిద మా వాగు గట్టున పడింది. తర్వాత రాజు పోయాడు, కొత్త జెండా వచ్చింది, బట్టీలు కూలి గుట్టలయ్యాయి. ఆ గుట్టల మీదా పక్కనా గుడిసెలు లేచి పేట అయింది.

సతుర్నీనో పుట్టింది పైన గొర్రెలు కాసుకునే పల్లెలో. ఒక ఏడు మంచు విపరీతంగా పడి మందంతా పోతే, తండ్రి పిల్లల్ని వెంటేసుకుని ఊళ్ళోకి దిగాడు. దిగిన మొదటి ఎండాకాలమే కొడుకుని మట్టి గుంటలోకి దింపాడు. పచ్చి ఇటుక పనిలో మట్టి తొక్కడమే అసలు పని. మట్టి తడిపి, కొండగడ్డి నరికి చల్లి, మోకాలి దాకా దిగి, కాళ్ళకింద జిగురు తగిలేదాకా తొక్కాలి. వాగు నీళ్ళు మంచు కరిగిన నీళ్ళు. కాళ్ళు కొంకర్లు పోతుంటే చలీ ఆకలీ తెలియనివ్వని కోకా ఆకు బుగ్గన పెట్టుకుని తొక్కేవాడు. చెక్క అచ్చులో మట్టి నింపి, అరచేత్తో నున్నగా రాసి, అచ్చు లేపి పక్కకి జరిగేవాడు. పెళ్ళయ్యేనాటికి ఆయన పాదాలు గోడలకంటే ఎర్రగా ఉండేవట. కడిగినా పోయేవి కావు. పెళ్ళినాటి రాత్రి దీపం వెలుగులో ఆ పాదాలు చూసి దెబ్బ తగిలిందనుకుని భార్య ఫౌస్తా ఏడ్చిందని పేటంతా చెప్పుకుని నవ్వేది.

ఫౌస్తాది దక్షిణాన పెద్ద సరస్సు వైపు. అక్కడివాళ్ళు ఉడికించిన బంగాళాదుంపని పలచటి మట్టి గంజిలో ముంచుకుని తింటారు. కడుపుకి మంచిదంటారు. మావాళ్ళు మొదట్లో ఆమెని "మట్టి తినే మనిషి" అని ఆట పట్టించారు గానీ, ఆమె మాటకి మాట అంటించే రకం. "నేను తినేది మట్టి, మీ మొగుళ్ళు తినేది మీ బుర్రలు" అనేసరికి నోళ్ళు మూతపడ్డాయి. ఆమెకి ఇద్దరు మగపిల్లలు పుట్టి ఏడాది నిండకుండానే పోయారు. ఎందుకు పోయారని ఎవరూ ఆరా తియ్యలేదు. ఈ ఎత్తుమీద, ఈ చలిలో, పసిపిల్లలు పోవడం వింత కాదు. తర్వాత పుట్టిన నెలిదా ఒక్కతే దక్కింది.

నడివయసులో సతుర్నీనో చేతులు వణకడం మొదలైంది. అచ్చు పట్టుకుంటే వణికేవి కావు, చెంచా పట్టుకుంటే వణికేవి. చిగుళ్ళు వాచి పళ్ళు ఒక్కొక్కటే ఊడాయి. చిన్నమాటకే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు, మరుక్షణం కేకలేసేవాడు. ఇంకేముంది, తాగుడే అని పేట తీర్పు చెప్పేసింది. పక్కింటి హిలారియోన్, చిన్నప్పటి స్నేహితుడు, వరసకి బావ, రోజూ పొద్దున్నే గోడ మీంచి తల పెట్టి పలకరించేవాడు.

"ఏం బావా, కోడి కూయకముందే ఎన్ని గ్లాసులు దింపావు?"

"నీ కళ్ళలో మన్ను పడ! నీళ్ళు కూడా తాగలేదురా ఇంకా."

"నీళ్ళు తాగితే చేతులు వణకవులే. నాక్కూడా కాస్త దాచిపెట్టు."

పండగనాడు నాలుగు గుక్కల మొక్కజొన్న కల్లు తప్ప ఆయన ఏదీ ముట్టేవాడు కాదు. ఫౌస్తా మాత్రం నమ్మలేదు. ఇంటికొస్తే నోరు వాసన చూసేది. సీసా దొరుకుతుందేమోనని గడ్డివామి అంతా కుళ్ళగించేది. ఏమీ దొరక్కపోతే మరీ అనుమానపడేది. "ఇంత గట్టిగా దాచేవాడు ఇంకేమేం దాస్తున్నాడో" అని ఏడ్చేది. చివరికి ఆయనే గంజి గిన్నె ఎత్తి తాగడం అలవాటు చేసుకుని, నలుగురిలో చెంచా పట్టడం మానేశాడు. ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవాడు. తాగుబోతని పేరు పడ్డాక కాదని రుజువు చేసుకోవడం ఎవరి తరం?

నెలిదాకి పెళ్ళయింది. అల్లుడు కింద సముద్రతీరం తోటల్లో కూలికి పోయి, పండక్కి వచ్చేవాడు. తన ఇంటి పెరట్లోనే కూతురికి ఇల్లు కట్టాలని సతుర్నీనో ఆ వేసవంతా తన కోసమే ఇటుకలు పోశాడు. చుట్టాలంతా సాయం పట్టి గోడలు లేపారు. పైన రేకులు కప్పి, ఇంటి కొప్పున శిలువ కట్టి, తెల్లవార్లూ చిందులేశారు. మా పేటలో ఇంకో ఆచారం ఉంది. కూతురికి తొలిచూలు నెలలు నిండుతుంటే, పుట్టబోయే బిడ్డ పాకే నేలని కూతురి తండ్రి తన చేత్తో వెయ్యాలి. ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. సతుర్నీనో ఆ నేల కోసం బట్టీ గుట్టని లోతుగా తవ్వి, అడుగున ఉన్న ఎర్రటి మట్టి ఏరి తెచ్చాడు. నాగజెముడు రసం కలిపి మెత్తి, వాగు రాయితో మోకాళ్ళ మీద కూర్చుని నున్నగా రుద్దాడు. పూర్తయ్యాక ఆ నేల మీద వెలుగు పడితే కళ్ళు చెదిరేవి. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చారు.

ఆ నేల మీదే నెలిదా కూతురు లుస్మిలా పాకింది, లేచింది, పడింది. పడ్డచోటల్లా చెయ్యి నోట్లో పెట్టుకుంది. వాన పడి గోడ కమ్మగా వాసనేస్తే వెళ్ళి నాకేది. నెలిదా కసిరితే ఫౌస్తా అడ్డం పడేది.

"తిననీవే! మావైపు పెద్దవాళ్ళే తింటారు. రుచి తెలిసిన పిల్ల, నా పోలిక."

"కడుపులో పాములు పడితే?"

"ఈ మట్టిలో నల్లే బతకదు, పామెట్ట బతుకుద్ది?"

లుస్మిలా బడికి పోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, నెలిదా ఇంట్లో తాతకి తానే గంజి అందిస్తానని పట్టుబట్టి గిన్నె ఎత్తుకుంది. పొయ్యి నుంచి తాత కూర్చున్న చోటికి నాలుగడుగులు. గిన్నె అంచు దాటి గంజి కారుతూనే ఉంది. పిల్ల నాలిక బయటపెట్టి, కళ్ళు గిన్నె మీదే నిలిపి నడుస్తోంది. చేతులు మాత్రం ఆగడం లేదు.

"చూడవయ్యా, అచ్చం నీ చేతులే వచ్చినయి దానికి" అని నవ్వింది ఫౌస్తా.

ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. సతుర్నీనో గిన్నె అందుకోలేదు. పిల్ల రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకున్నాడు. రెండు జతలూ ఒకే వరసన వణుకుతున్నాయి. 

"పిల్ల తాగదు కదే" అన్నాడు ఆయన.

ఇన్నేళ్ళుగా నోరు వాసన చూసిన మనిషి ఆమె. ఆ మాటకి ఆమె శాలువా కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది. తన మీద పడ్డ నింద తొలగినందుకు ఆయనకి సంతోషం కలగలేదు. ఆ చేతులు తనవైతే, తనకి ఉన్నదేదో పిల్లకీ ఉంది. పిల్లకి తన నుంచి వచ్చిందేమిటి? అంత ఆలోచన అక్కర్లేదు. ఆయన కళ్ళు తిన్నగా నేల మీదికే పోయాయి.

ఆ ఏడాదే రాజధాని నుంచి కొందరు వచ్చి పేటలో గోడలు గీకి పరీక్షకి మట్టి తీసుకెళ్ళారు. వాళ్ళలో ఒక పడుచు డాక్టరమ్మ, మంచి మనిషి, మా భాషలో నాలుగు మాటలు నేర్చుకుని మరీ వచ్చింది. లుస్మిలా జుట్టు కొంచెం కత్తిరించుకుని వెళ్ళి, కొన్ని వారాల తర్వాత తనే ఇంటికి నడిచి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పెద్దాయనా, పాదరసం. పిల్ల ఒంట్లో చాలా ఉంది. మీకూ అదే. ఆ బట్టీల మట్టిలోంచే వస్తోంది. ఎండ తగిలినప్పుడల్లా ఆవిరై లేస్తుంది, కళ్ళకి కనపడదు."

"గోడల్లోంచా అమ్మా, నేల్లోంచా?"

ఆ నేల ఎవరు వేశారో ఆమెకి తెలిసినట్టుంది.

"రెండింట్లోనూ ఉంది."

"ఎందులో ఎక్కువ?"

"నేలలో."

సతుర్నీనో తలూపాడు. ఏడ్చే మనిషి ఆ రోజు ఏడవలేదు. "ఇప్పుడేం చెయ్యాలి?" అని మాత్రం అడిగాడు.

"పిల్లని ఈ ఇంట్లోంచి తీసెయ్యండి. మళ్ళీ రానివ్వద్దు. చిన్నపిల్ల కాబట్టి చాలామటుకు తేరుకోవచ్చు. ఉంచితే నేనేం చెప్పలేను" అంది డాక్టరమ్మ.

తర్వాత బడి ఆవరణలో మీటింగు పెట్టారు. ప్రభుత్వం తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు. చలికి మెడ చుట్టూ ఉన్ని గుడ్డ చుట్టుకుని, మా ఎత్తుకి ఊపిరందక మధ్యమధ్య ఆగుతూ మాట్లాడాడు. మట్టి పాడైన మాట నిజమే, ఒప్పుకుంటున్నాం అన్నాడు. కానీ చట్టం ప్రకారం పాడు చేసినవాడే బాగు చెయ్యాలట. ఇప్పుడున్న ఏ గని కంపెనీ దీన్ని పాడు చెయ్యలేదట. ప్రభుత్వమూ చెయ్యలేదట.

"మరి చేసిందెవరంట?" అని వెనకనుంచి హిలారియోన్ అరిచాడు.

"చారిత్రకంగా చూస్తే... అప్పటి స్పెయిన్ రాజ్యం."

"అయితే రాజుగారికి కబురెట్టండి! పార తీసుకుని రమ్మనండి!"

జనం గొల్లుమన్నారు. పెద్దమనిషి కూడా నవ్వాడు. అక్కడే పొరపాటు చేశాడు. ముందు వరసలో కూర్చున్న ఉబాల్దినా ముసలమ్మ లేచింది. ఆమె ఇద్దరు చెల్లెళ్ళూ వణుకు జబ్బుతోనే పోయారు.

"అయ్యా, నాకు చదువు లేదు, తప్పుంటే చెప్పు. రాజు తవ్విన గని ఎవరికొచ్చింది? మీకు. రాజు లాక్కున్న పొలాలు? మీకు, మీ చుట్టాలకి. రాజు మా మీదేసిన తల పన్ను, ఆయన పోయాక కూడా మా తాతల దగ్గర వసూలు చేశారంట, అది చేసిందెవరు? మీరే. ఇన్ని తీసుకున్నోళ్ళు, ఈ మట్టి దగ్గరకొచ్చేసరికి మాది కాదంటారా? తండ్రి ఆస్తి తిన్నోడు అప్పు కూడా తియ్యాలి గదా?"

పెద్దమనిషి అవన్నీ వేరే శాఖ కిందికి వస్తాయన్నాడు. ప్రస్తుతానికి గోడలకి పూత వేయించుకోండి, నేలని ఏదైనా పరిచి కప్పండి, పిల్లల చేతులు కడగండి అని సలహా చెప్పాడు. పూతకి సామానెవరిస్తారని అడిగితే అది కూడా వేరే శాఖ. చీకటి పడకముందే కొండ దిగాలని కారెక్కేశాడు. చేతులు మాత్రం శుభ్రంగా దులుపుకుని పోయాడు.

జనం లేస్తుంటే సతుర్నీనో నిలబడ్డాడు. నలుగురిలో నోరెత్తని మనిషి. చేతులు వణుకుతుంటే ఒకదాన్ని ఒకటి పట్టుకుని మాట్లాడాడు.

"ఈ పేటలో సగం ఇళ్ళకి ఇటుక నేనే పోశాను. మీ పిల్లలు పాకిన నేలకి మట్టి నేనే చూపించాను. పడగొట్టండి. నేనూ వస్తా, సాయం పడతా."

 అందరూ ఒక్కసారే అందుకున్నారు. పడగొట్టి ఎక్కడుండాలి, నీ ఇంట్లోనా అని ఒకడు. ఇన్నాళ్ళూ బతకలేదా అని ఒకామె. అందరికంటే ఎక్కువ మండిపడింది హిలారియోన్. బడి పిల్లలకి గదులు అద్దెకిచ్చుకుని బతుకుతున్నాడు వాడు.

"నీ ఇంట్లో పిల్లకి బాగోలేకపోతే మా ఇళ్ళన్నీ విషమని దండోరా వేస్తావా? నోరు మూసుకో బావా. ఇట్ట మాట్లాడితే నా గుమ్మం తొక్కే అద్దెవాడు ఉంటాడా?"

ఆ రోజు నుంచి గోడ మీంచి పలకరింపులు ఆగిపోయాయి. ఆ వెక్కిరింతలే స్నేహమని సతుర్నీనోకి అప్పుడు తెలిసింది.

లుస్మిలాని ఫౌస్తా తన పుట్టింటికి, సరస్సు వైపు తీసుకుపోయింది. సతుర్నీనో ఊపిరి పీల్చుకున్నాడు. కానీ పిల్ల అక్కడ తిండి మానేసింది, అమ్మ కావాలని జ్వరం తెచ్చుకుంది. ఒక రోజు పొద్దున నెలిదా మూట కట్టుకుంటూ కనిపించింది.

"యాడికి?"

"పిల్లని తెచ్చుకుంటా నాన్నా."

"ఈ ఇంటికా?"

"ఇంకో ఇల్లుందా నాకు? నీ ఇల్లూ ఆ మట్టిదే, ఆయన ఉండేది కూలి పాక. నేలకి గోనెలు పరుస్తాలే. చేతులు కడుగుతాలే. ఆ కారాయన చెప్పాడు గదా."

"ఆ కారాయన పిల్లలు ఈ నేల మీద పడుకోరమ్మా."

"మరి ఏం జెయ్యమంటావు? చెప్పు! నడిరోడ్డు మీద పడుకోబెట్టనా?" అని అరిచి, వెంటనే గొంతు తగ్గించుకుంది. "నువ్వు కట్టిన ఇల్లు నాన్నా. ఎంత ముచ్చటపడి కట్టావు."

ఆమె బస్సెక్కింది. సతుర్నీనో వాకిట్లో నిలబడి ఆ ఇంటిని చూశాడు. గోడలున్నంత కాలం కూతురు తిరిగి వస్తుంది, పిల్లని తెస్తుంది, గోనెలు పరుస్తుంది. గోనెలు పక్కకి జరుగుతాయి. ఎవరేం చెప్పినా ఇల్లున్న మనిషి ఇంటికే పోతుంది. ఆయన సామాన్లన్నీ బయటికి మోశాడు. రేకులు విప్పాడు. గడ్డపార తెచ్చి కొప్పు నుంచి మొదలుపెట్టాడు. ఒక్కడూ సాయానికి రాలేదు. వద్దనడానికీ రాలేదు. ముసలాడికి మతి పోయిందని పిల్లల్ని లోపలికి పిలుచుకుని తలుపులు వేసుకున్నారు. ఇటుకల్ని విరగ్గొడదామనుకున్నాడు గానీ అవి ఊడి వచ్చాయే తప్ప విరగలేదు. తన పనితనాన్ని ఆయన మొదటిసారి బూతులు తిట్టాడు.

నెలిదా పిల్లని వీపున కట్టుకుని, తల్లిని వెంటబెట్టుకుని బస్సు దిగేసరికి ఇల్లున్న చోట ఇటుకల గుట్టా, ఎర్రటి నేలా మిగిలాయి. తిడుతుందనుకున్నాడు. శాపనార్థాలు పెడుతుందనుకున్నాడు. ఆమె చుట్టూ చూసి, "మంచం యాడ పెట్టావు నాన్నా?" అని అడిగింది. చూపించాడు. పిల్లని వీపు మీంచి దించకుండానే మంచం మీద కూర్చుంది. మర్నాడు ముగ్గురూ కింద తీరానికి, అల్లుడి దగ్గరికి పోయారు. అక్కడ చాప గోడల పాక, ఇసుక నేల. పోయేటప్పుడు ఫౌస్తా ఆయన తలకి కుల్లాయి సరిచేసి వెళ్ళింది. నెలిదా వెనక్కి తిరగలేదు. లుస్మిలా చెయ్యి ఊపింది. వణుకుతోందో ఊపుతోందో దూరం నుంచి తెలియలేదు.

మా వైపు పడిపోయిన ఇంటి ఇటుక అడిగినవాడికి కాదనకూడదు. చచ్చినవాడి చెప్పులు ఇచ్చేసినట్టే ఇచ్చెయ్యాలి. నాలుగు రోజులు కాకముందే అబెలీనో వచ్చాడు. పై పల్లె నుంచి దిగిన కుర్రాడు, వాగు ఒడ్డున ప్లాస్టిక్ పట్టా కింద కాపురం. వెంట భార్య ఎల్మా. కడుపుతో ఉంది. తోపుడు బండి కూడా తెచ్చుకున్నారు.

"తాతా, ఈ ఇటుకలు..."

"ఇవ్వను."

కుర్రాడు తెల్లబోయాడు. సతుర్నీనో అంతా చెప్పాడు. చేతులు చాపి చూపించాడు. మనవరాలి సంగతి చెప్పాడు. పోయిన మగపిల్లలిద్దరి మాట అంతకుముందు ఎవరితోనూ అని ఎరగడు, వీళ్ళతో అన్నాడు. ఇద్దరూ మర్యాదగా విన్నారు.

"విన్నాం తాతా. మీటింగుకి మేమూ వచ్చాం" అన్నాడు అబెలీనో. "రాత్రి పట్టా మీద మంచు పేరుకుంటుంది. దీనికి దగ్గు. మీ మనవరాలు బతికే ఉంది గదా. పట్టా కింద పుట్టిన బిడ్డ ఎన్నాళ్ళుంటుంది? మీరే చెప్పండి."

 సతుర్నీనోకి ఒళ్ళు మండిపోయింది. పొండి పొండని తరిమాడు. వాళ్ళు వాగు దాటేదాకా చూసి, పార తీసుకుని ఇంటి వెనక కాలవ గట్టు తెగ్గొట్టాడు. నీళ్ళు పెరట్లోకి మళ్ళి గుట్ట చుట్టూ చేరాయి. ఇటుకల్ని ఒక్కొక్కటే నీళ్ళలోకి లాగి, నాని మెత్తబడ్డాక పారతో నరికాడు. నేలని కూడా పెళ్ళగించి వేశాడు. సాయంకాలానికి గుట్ట చదునై, ఎర్రటి మడుగయింది. ఇక దీన్ని ఎవడు ఎత్తుకుపోతాడో చూస్తానని, ఇల్లు పడగొట్టాక మొదటిసారిగా కడుపునిండా తిని పడుకున్నాడు.

పొద్దున లేచి బయటికి వస్తే అబెలీనో మడుగు పక్కన గడ్డి నరుకుతున్నాడు. ఎవరినో అడిగి తెచ్చిన చెక్క అచ్చు గట్టు మీద ఉంది. ఎల్మా పావడాలు ఎగ్గట్టుకుని అప్పటికే మోకాలి దాకా మట్టిలో దిగింది. సతుర్నీనోని చూసి ఇద్దరూ మొహాలు విప్పార్చుకున్నారు.

"మీ మనసు వెన్న తాతా" అన్నాడు కుర్రాడు. "పాత కొలత ఇటుకలు మాకు సరిపోవని, నానబెట్టి కలిపి కూడా పెట్టారు. ఇంత బాగా నానిన మట్టి మేమెక్కడ చెయ్యగలం?"

నలభై ఏళ్ళ పైబడి మట్టి నానబెట్టినవాడు. కోపంలో నిన్న తాను చేసిన పని ఏమిటో ఆయన బుర్రకి అప్పుడు ఎక్కింది. వద్దని అరవబోయి ఆగాడు. ఎవరికి వద్దని చెప్పాలి? దీన్ని తన్ని తగలేసినా బట్టీల గుట్ట అక్కడే ఉంది. పార ఉన్నవాడికి అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఎల్మా అటూ ఇటూ ఊగుతూ తొక్కుతోంది, ఒక చెయ్యి పొట్టకింద పెట్టుకుని. ఎర్రటి నీళ్ళు ఆమె పిక్కల మీదుగా జారుతున్నాయి.

సతుర్నీనో గబగబా వెళ్ళి ఆమె రెక్క పట్టుకుని బయటికి లాగాడు. ఆమె బెదిరిపోయింది. ఆయన బిందెతో నీళ్ళు తెచ్చి, తాను పెద్దవాణ్ణని కూడా చూసుకోకుండా కూర్చుని ఆమె కాళ్ళు గోళ్ళ సందుల దాకా రుద్ది కడిగాడు.

"నువ్వు అదిగో, ఆ రాయి మీద కూర్చో. గాలికి ఎదురుగా కూర్చోవద్దు. ఈ మట్టిని ముట్టుకోవద్దు. ఒరే అబ్బాయ్, గోడలకి లోపలా బయటా సున్నం కొట్టు. నేల మాత్రం దీంతో వెయ్యొద్దు, రాతి పలకలు పరుచు. విన్నావా?"

"అట్టాగే తాతా" అన్నాడు అబెలీనో. పెద్దవాళ్ళు ఏం చెప్పినా మా వైపు అనే మాట అదే.

సతుర్నీనో చెప్పులు విప్పి మడుగులోకి దిగాడు. కాళ్ళకింద జిగురు ఇంకా చాలలేదు. గడ్డి చల్లమని చెయ్యి చూపించి తొక్కడం మొదలుపెట్టాడు.

"నీకు ఎప్పుడమ్మా?" అని అడిగాడు, తలెత్తకుండా.

"వానలకి ముందే తాతా" అంది ఎల్మా.

"అయితే తొందరపడాలి" అని ఆయన అడుగులు వేగంగా వేశాడు.